కాపుచినో, లాటే, ఫ్లాట్ వైట్: తేడా కోసం హైదరాబాద్ వెళ్ళొచ్చాం

మా తమ్ముడికి రాజమండ్రిలో టిఫిన్ హోటల్ ఉంది. పోయిన వేసవిలో పక్కనే చిన్న గది అద్దెకు తీసుకుని, సెకండ్ హ్యాండ్‌లో ఒక ఎస్‌ప్రెస్సో (ఒత్తిడితో వేడినీళ్ళు పంపి తీసే చిక్కటి కాఫీ) మిషన్ కొని పెట్టాడు. బోర్డు మీద కాపుచినో, లాటే, ఫ్లాట్ వైట్ అని మూడు పాల కాఫీల పేర్లూ రాయించాడు. ఒకరోజు ఒక కాలేజీ అమ్మాయి వచ్చి "అన్నా, మూడింటికీ తేడా ఏంటి?" అని అడిగిందట. ఆ రాత్రి అన్నం తింటూ చెప్పాడు, "అక్కా, నాకే తెలీదు. మూడూ ఒకేలా పోస్తున్నాను, కప్పులే వేరు" అని. డబ్బు తీసుకుని తెలియని వస్తువు అమ్ముతున్నానన్న బాధ వాడి మొహంలో స్పష్టంగా కనిపించింది. హైదరాబాద్ వెళ్ళి వరసగా తాగి చూద్దాం పదమని నేనే బయల్దేరదీశాను.

డిసెంబర్‌లో ఒక శుక్రవారం రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారుజామున సికింద్రాబాద్‌లో దిగాం. బాగా చలిగా ఉంది. స్టేషన్ బయట టీ తాగుదామని వాడంటే వద్దన్నాను, నాలుక శుభ్రంగా ఉండాలని. మా అక్క కూతురు బేగంపేటలో ఉంటుంది, రాయదుర్గంలో ఉద్యోగం, రోజుకో ఫ్లాట్ వైట్ తాగే పిల్ల. అదే మాకు దారి చూపించింది. ముగ్గురం ముందే ఒక మాట అనుకున్నాం: ఎక్కడికి వెళ్ళినా మూడు రకాలూ ఒకేసారి తెప్పించుకోవాలి, చక్కెర వెయ్యకూడదు, కప్పు ఎంతదో, ఎన్ని షాట్లు (ఎస్‌ప్రెస్సో మోతాదులు) పోశారో అడిగి రాసుకోవాలి.

మొదటి షాపు హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌కి దగ్గర్లోనే. అద్దాల గోడలు, మెత్తటి సోఫాలు, పెద్ద హాలు. మూడు కప్పులూ వచ్చాయి. చెంచాతో నురగ పక్కకి జరిపి చూశాం, తాగి చూశాం, కప్పులు మార్చుకుని మళ్ళీ తాగాం. లాటేకీ ఫ్లాట్ వైట్‌కీ ఏ తేడా తెలీలేదు. రేటులో మాత్రం 40 రూపాయలు తేడా. కౌంటర్‌లో కుర్రాణ్ణి అడిగితే, "బటన్ నొక్కితే మిషనే పోస్తుంది మేడం, నాకు తెలీదు" అన్నాడు. ఆ అబ్బాయిని అని లాభం లేదు, వాడికి ఎవరూ నేర్పలేదు. కానీ అంత రేటు పెట్టి కొనేవాళ్ళకి ఆ మాత్రం జవాబు చెప్పేలా సిబ్బందిని తయారుచెయ్యకపోవడం నాకు అన్యాయంగానే అనిపించింది. తమ్ముడు ఏమీ మాట్లాడలేదు. వాడి బోర్డే గుర్తొచ్చి ఉంటుంది.

ఆ తర్వాత బంజారాహిల్స్‌లో ఒక పాత ఇంటికి వెళ్ళాం, చెట్ల కింద బల్లలు వేసి, లోపల గింజలు కూడా వాళ్ళే వేయించుకునే చోటు. అక్కడే మధ్యాహ్నం దాకా ఉండిపోయాం. మిషన్ దగ్గర కాఫీ చేసే బారిస్టా మహబూబ్‌నగర్ వైపు అబ్బాయి. మేము ఎందుకొచ్చామో చెప్పగానే, "రండ్రి సార్, ఇక్కడ నిలబడి చూడుండ్రి" అని పిలిచి, రద్దీ లేనప్పుడల్లా ఒక్కొక్కటీ చేసి చూపించాడు.

అక్కడ మూడింటిలోనూ కాఫీ ఒకటే, డబుల్ షాట్. 18 గ్రాముల పొడి నుంచి సుమారు 36 గ్రాముల ఎస్‌ప్రెస్సో, అదీ 25 నుంచి 30 సెకన్లలో దిగాలి. మారేవి పాలు, వాటి మీది నురగ. వాళ్ళ లాటే కప్పు 240 మిల్లీలీటర్లు, ఫ్లాట్ వైట్ కప్పు 160. అదే కాఫీ తక్కువ పాలల్లో పడుతుంది కాబట్టి ఫ్లాట్ వైట్ ఘాటుగా ఉంటుంది, లాటే పాల రుచితో మెత్తగా పోతుంది. మన ఇళ్ళల్లో స్ట్రాంగ్, లైట్ అంటామే, చాలావరకు అదే సంగతి. కాపుచినో కప్పు 180, ఫ్లాట్ వైట్‌కి దగ్గరే, కానీ అందులో నురగ వేలు మందం. చెంచా పెట్టి జరిపితే కాఫీ కనిపించడానికి కాస్త టైమ్ పట్టింది. లాటేలో అందులో సగం. ఫ్లాట్ వైట్‌లో గోరు మందం కూడా లేదు, నురగ అంతా పాలల్లోనే కలిసిపోయి మొదటి గుక్క నుంచి చివరి గుక్క దాకా ఒకేలా ఉంది. కాపుచినోలో ముందు పెదాలకి గాలి తగిలినట్టు నురగ, దాని వెనక కాఫీ.

ఈ కొలతలు అన్ని చోట్లా ఇవే ఉండవు. ఇటలీలో పద్ధతి ప్రకారం కాపుచినో అంటే 25 మిల్లీలీటర్ల ఎస్‌ప్రెస్సోకి 100 మిల్లీలీటర్ల పాలు, చిన్న కప్పే. కపుచిన్ అనే క్రైస్తవ సన్యాసులు వేసుకునే గోధుమరంగు అంగీ నుంచి ఆ పేరొచ్చింది. ఫ్లాట్ వైట్ మాదంటే మాదని ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటారు. మా అక్క కూతురికి ఆ గొడవంతా నోటికొచ్చు.

అసలు సంగతి స్టీమ్ (పాలకి ఆవిరి పట్టడం) దగ్గర బయటపడింది. ఆ అబ్బాయి ఫ్రిజ్‌లోంచి చల్లటి పాలు తీసి స్టీల్ జగ్గులో పోశాడు. స్టీమ్ గొట్టం కొస పాల పైపైన పెట్టగానే కాగితం చింపినట్టు చిర్ చిర్ మని చప్పుడు. ఫ్లాట్ వైట్‌కి ఆ చప్పుడు క్షణం సేపే, కాపుచినోకి ఇంకొన్ని సెకన్లు, గాలి లోపలికి వెళ్ళేది అప్పుడే. తర్వాత కొస కాస్త కిందికి దించితే పాలు సుడి తిరుగుతాయి, పెద్ద బుడగలు పగిలి చిన్నవైపోతాయి. పులిసిన పిండిలా బుడగలు కనపడకూడదు, ఉండల్లేని జావలా జగ్గులోంచి జారాలి. తమ్ముడు చాలాసేపు చూసి, "నేను పొయ్యి మీద మరిగే పాలకి స్టీమ్ పెడుతున్నాను" అన్నాడు. హోటల్ అలవాటు మరి, గిన్నెలో పాలు పొద్దుట్నించి మరుగుతూనే ఉంటాయి. బారిస్టా తల అడ్డంగా ఊపాడు. "గట్ల అయితే నురగ రాదు సార్. పాలు మొదలే వేడిగుంటే గాలి పట్టేలోపే మస్తు వేడైపోతయి. సల్లటి పాలు అయితెనే మీకు టైమ్ దొరుకుతది."

ఇంకో పెద్ద సందేహం వేడి గురించి. వాళ్ళు పాలు 60, 65 డిగ్రీల దగ్గర ఆపేస్తారు. మనకి అది చల్లారిన కాఫీ. మా ఊళ్ళో ఈ వేడికి ఊరుకోరని తమ్ముడన్నాడు. "ఇక్కడ కూడ గంతే సార్, ఇంకా వేడిగ కావాలంటరు. 70 దాటిందంటే పాల తీపి పోతది, ఉడికిన వాసనొస్తది. మీరు కప్పు ముందే వేడినీళ్ళతోని కడిగి ఇయ్యుండ్రి, చాలు." నాకు ఆ రోజంతట్లో విలువైన మాట ఇదే. పాల గురించీ అడిగాం. నురగని పట్టి నిలిపేది పాలల్లోని ప్రొటీన్, నోటికి కమ్మగా తగిలేది వెన్న. ఫుల్ క్రీమ్ ప్యాకెట్‌లో వెన్న 6 శాతం, టోన్డ్‌లో 3. రెండింటితో చేయించుకుని తాగాం. టోన్డ్‌తో కాపుచినో నురగ తేలిగ్గా వచ్చింది కానీ లాటే పల్చగా, నీళ్ళగా తోచింది. నా ఓటు ఫుల్ క్రీమ్‌కే.

మర్నాడు జూబ్లీహిల్స్‌లో కోర్టాడో కూడా రుచి చూశాం, స్పెయిన్‌ది, ఎస్‌ప్రెస్సో ఎంతో పాలూ దాదాపు అంతే, చిన్న గాజు గ్లాసులో. నాకు బాగా నచ్చింది, తమ్ముడు చేదన్నాడు. అక్కడి ఫ్లాట్ వైట్ బావుంది, లాటే మామూలు.

సాయంత్రం చార్మినార్ దగ్గర నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్ తాగాం. డికాక్షన్ వేరే, మరిగి చిక్కబడ్డ పాలు వేరే, కప్పులో కలుస్తాయి. ఇక్కడ చిక్కదనం మరగబెట్టడం వల్లే వస్తుంది, నిన్న చూసినదానికి సరిగ్గా ఎదురు పద్ధతి. మరిగే పాలు తప్పేమీ కాదు, వాటి చోటు వేరు. ఉస్మానియా బిస్కెట్ ముంచుకుంటూ తమ్ముడు ఈ మాటే అన్నాడు, కాస్త తేలికపడ్డట్టున్నాడు.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే ఫ్రిజ్ పాలతో మొదలుపెట్టాడు. మొదటి నాలుగు జగ్గులూ బుడగలే. అయిదోది జారింది. కప్పు వేడినీళ్ళతో కడిగి ఫ్లాట్ వైట్ పోసి అమ్మకిచ్చాడు. అమ్మ రెండు గుక్కలు తాగి, "పాలు బావున్నాయిరా, చక్కెర వేశావా?" అంది. వెయ్యలేదు.

బోర్డు మీద ఇప్పుడు పేర్ల పక్కన కప్పు సైజులు రాయించాడు, 160, 180, 240 అని. ఆ కాలేజీ అమ్మాయి ఇంకా రాలేదు. సంక్రాంతి సెలవులయ్యాక వస్తుందని, మూడు రకాల కప్పులూ ముందు అరలో వరసగా పెట్టి ఉంచాడు.