అదే మందు

మా చిన్నోడికి కొత్త డాక్టరు గారు రాసిన చీటీనీ, పాత డాక్టరు రాసిన చీటీనీ పక్కపక్కన పెట్టి చూశాను. రెండింట్లోనూ ఒకటే మందు. ఫ్లూఆక్సెటిన్, 10 మిల్లీగ్రాములు, పొద్దున టిఫిన్ అయ్యాక. ఈయన చూసి, "దీనికోసమా మారతహళ్లి నుంచి జయనగర్ దాకా ఈ బెంగళూరు ట్రాఫిక్‌లో పడి వెళ్లింది?" అనేసి వెళ్లి పడుకున్నారు. ఆ మాటకి నాకు నిద్ర పట్టట్లేదు.

పాతాయన సంగతి ఇక్కడ ఎప్పుడూ పూర్తిగా రాయలేదు. పెద్ద ఆసుపత్రి, పేరు వద్దు. టోకెన్ తీసుకుని కూర్చుంటే రిసెప్షన్ అమ్మాయి హాలంతా వినపడేలా "సైకియాట్రీ పేషెంట్ ఎవరు?" అని కేకేసింది. పక్కన కూర్చున్న పెద్దాయన చిన్నోణ్ణి ఎగాదిగా చూశాడు. వాడు చొక్కా కింది గుండీ పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు. లోపలికెళ్లాక డాక్టరు కంప్యూటర్ మీంచి తలెత్తకుండా "ఏంటి ప్రాబ్లం?" అన్నారు. అడిగింది నన్ను, వాణ్ణి కాదు. నేను చెప్పుకొస్తున్నాను. పడుకోబోయే ముందు తలుపు గడియ చూస్తాడు, గ్యాస్ నాబ్ చూస్తాడు, పక్కమీదకొచ్చి మళ్లీ లేచి వెళ్తాడు, వచ్చిన ప్రతిసారీ "అమ్మా, ఏం కాదు కదా?" అంటాడు, ఏం కాదు నాన్నా అంటే ఒక్క నిమిషం నిమ్మళిస్తాడు, మళ్లీ మొదలు... నేనింకా చెప్తూనే ఉన్నాను, ఆయన టైపు చేయడం అయిపోయింది. "ఓసీడీ. మందు రాశాను. నెల తర్వాత రండి." ఓసీడీ అంటే ఇదే, ఒకే భయం మళ్లీ మళ్లీ వచ్చి, చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు.

లిఫ్టు దగ్గర వాడు అడిగిందొక్కటే. "అమ్మా, ఆయనకి నా పేరు తెలుసా?"

ఆ మందు వాడు మింగలేదు. నాలుక కింద దాచుకుని సింకులో ఉమ్మేసేవాడు. డబ్బాలో మడతపెట్టి ఉన్న కాగితం తీసి చదివింది మా పెద్దది. పిల్లల్లో, యుక్తవయసు వాళ్లలో ఈ రకం మందులు మొదలుపెట్టిన కొత్తల్లో ఆత్మహత్య ఆలోచనలు రావచ్చు, కనిపెట్టుకుని ఉండాలి అని ఉంది. అమెరికాలో మందుల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ 2004లోనే ఈ హెచ్చరిక పెట్టించిందట. అది వినగానే నా కాళ్లలో సత్తువ పోయింది. ఇంత పెద్ద విషయం తల్లికి నోటితో చెప్పరా? చెప్పి ఉంటే ఇంట్లో ఎలా చూసుకోవాలో మాకు తెలిసేది.

ఆ తర్వాత ఇంకో దారి కోసం వెతుకులాట. అత్తయ్య ఒంగోలు నుంచి ఫోన్ చేసి తాయెత్తు కట్టించమన్నారు. అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ చెప్పిన కౌన్సెలర్‌కి ఏదో ఆన్‌లైన్ సర్టిఫికెట్ తప్ప ఇంకేం లేదు. మందు రాసేది సైకియాట్రిస్టు అని, కూర్చోబెట్టి థెరపీ చేసే క్లినికల్ సైకాలజిస్టుకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ అనే కేంద్ర సంస్థ రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోవాలని నాకు విడమరిచి చెప్పింది 14416 వాళ్లు. అది టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది. రాత్రీ పగలూ ఎత్తుతారు, డబ్బులక్కర్లేదు. వాడు ఏడ్చి ఏడ్చి పడుకున్న ఒక రాత్రి బాల్కనీలో నిలబడి చేశాను. తెలుగులోనే మాట్లాడారు. మీలో ఎవరికైనా పనికొస్తుందని నంబరు రాస్తున్నాను.

ఈరోజు చూసిన కొత్త డాక్టరుగారు, ఆవిడ, మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్‌లో పిల్లల మనోవైద్యంలోనే డీఎం, అంటే ఎండీ తర్వాత చదివే పై చదువు, చేశారు. తెలుగు వచ్చిన డాక్టరు కావాలని ఇన్నాళ్లూ నేను పట్టుబట్టానా, ఆవిడ "ఏ భాషలో మాట్లాడుకుందాం?" అని వాణ్ణే అడిగితే వాడు ఠక్కున కన్నడ అన్నాడు. నన్ను బయట కూర్చోమన్నారు. చాలాసేపటికి పిలిచి, నా ముందే వాడికి అన్నీ చెప్పారు. మందు పనిచేయడానికి వారాలు పడుతుంది, మొదట్లో కడుపులో తిప్పొచ్చు, చచ్చిపోవాలనిపించే ఆలోచన వస్తే దాచుకోకుండా అమ్మకో నాకో చెప్పు, నీ అంతట నువ్వు ఆపెయ్యకు. "ఇది వేసుకుంటే నేను మారిపోతానా?" అన్నాడు వాడు. "నువ్వు మారవు. ఆ భయం పట్టు కాస్త సడలుతుంది" అన్నారావిడ.

ఇక్కడిదాకా రాసి ఆగాను. పాతాయన రోగం సరిగ్గానే పట్టారు కదా, మందూ సరైనదే రాశారు కదా అనిపించింది. మన దేశంలో లక్ష మందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేరు. పిల్లల కోసమే చదివినవాళ్లు మరీ తక్కువ. బయట హాలు నిండా జనం ఉంటే ఆయన మాత్రం ఒక్కొక్కరి దగ్గర ఎంతసేపు కూర్చోగలరు? పాపం అనిపించింది కూడా. కానీ వాడి ముఖం వంక చూసి పేరడగడానికి ఎంతసేపు పడుతుంది? లేదు, నా కోపం నాకుంది. మందు పేరు ఒకటే అయినంత మాత్రాన వైద్యం ఒకటే కాదని ఈయనకి పొద్దున చెప్తాను.

కొత్తావిడ మీదా కాస్త కినుకగానే ఉంది. వాడు "ఏం కాదు కదా?" అని అడిగినప్పుడల్లా నేను జవాబివ్వడం మెల్లగా తగ్గించాలట. నా జవాబు ఆ భయానికి మేత అవుతోందట. థెరపీలో నేర్పేది కూడా అదేనట, చూసుకోవాలనిపించినా చూసుకోకుండా ఆ భయాన్ని కాసేపు ఓర్చుకోవడం. నిజమే అయ్యుండొచ్చు. కానీ కన్నపిల్లవాడు భయపడి అడిగితే నోరు మూసుకుని ఎలా కూర్చోను? సైకాలజిస్టు దగ్గరికెళ్లినప్పుడు ఇదే మొదట అడగాలి.

ఇవాళ రాత్రి గ్యాస్ దగ్గరికెళ్లి తొందరగానే వచ్చేశాడు. మందు ఇంకా మొదలే పెట్టలేదు, కాబట్టి అది మందు గుణం కాదు. 

స్కూల్లో క్లాస్ టీచరుకి చెప్పాలా వద్దా అన్నది తేలలేదు. ఈయన వద్దంటున్నారు, పదిమందికీ తెలుస్తుందని. నాకైతే చెప్పాలనే ఉంది, పరీక్షలో రాసిందే మళ్లీ మళ్లీ చూసుకుంటూ టైము పోగొట్టుకుంటున్నాడు. ముందు వాణ్ణి అడగాలి. ఆదివారం పొద్దున, వాళ్ల నాన్న కూరగాయలకి వెళ్లినప్పుడు అడుగుతాను.