యార్క్‌లో గేటంటే వీధి

శనివారం. రాత్రి పదిన్నర. అమ్మ పడుకుంది, మోకాళ్లకు జండూబామ్ వాసన హాల్లోకి కూడా వస్తోంది.

అమ్మ హనుమకొండ నుంచి వచ్చి మూడు వారాలైంది. ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లోని మా ఇంటి కిటికీలోంచి వాన చూడటం తప్ప ఏం చూపించలేదని నాకు లోపల గుచ్చుకుంటూనే ఉంది. ఇవాళ ఎండ కాసింది, రైలెక్కి యార్క్ వెళ్లాం. అరగంట కూడా పట్టదు. యార్క్ నిజానికి కాళ్లతో చూడాల్సిన ఊరు. అమ్మ మోకాళ్లు అందుకు ఒప్పుకోవు కాబట్టి ఎక్కడికైనా టాక్సీలోనే అని ముందే అనుకున్నాం.

స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా కోట గోడ. గోడ కింద గట్టు మీద పసుపు రంగు డాఫొడిల్స్ విరగబూశాయి. ఊరి చుట్టూ మూడు కిలోమీటర్లకు పైగా ఈ గోడ ఇంకా నిలిచే ఉంది. అమ్మ కాసేపు చూసి, "మన ఓరుగల్లు కోట లెక్కనే ఉన్నది గని, ఇంత మంచిగ ఎవలు చూసుకుంటున్నరు?" అంది. జవాబు చెప్పబుద్ధి కాలేదు.

స్టాండులో ముందున్న టాక్సీ ఎక్కాం. డ్రైవర్‌కు అరవై దాటి ఉంటాయి. అమ్మ కూర్చోవడానికి అవస్థ పడుతుంటే దిగి వచ్చి, చెయ్యి పట్టుకుని, "నెమ్మదిగా, లవ్" అన్నాడు. అమ్మ నా వైపు తిరిగి, "ఏందే, లవ్ అంటున్నడు?" అని గుసగుసగా అడిగింది. యార్క్‌షైర్‌లో పాలు అమ్మేవాళ్లు, బస్సు డ్రైవర్లు, అందరూ అందర్నీ అలాగే అంటారని చెప్పాను. నమ్మినట్టు లేదు, కానీ కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది.

దారిలో అన్నీ గేట్లే. స్టోన్‌గేట్, పీటర్‌గేట్, మికిల్‌గేట్ అని ఫోన్‌లో మ్యాప్ చూసి చదువుతుంటే, "గేటు గేటంటవు, ఒక్క గేటన్న కనవడదేంది బిడ్డా?" అంది అమ్మ. ఆ మాటే డ్రైవర్‌ని అడిగాను. ఎన్నిసార్లు చెప్పాడో గానీ, ఇప్పుడే తట్టినట్టు నవ్వాడు. మా ఊళ్లో గేటంటే వీధి, బారంటే గేటు, మందు తాగే బారు మాత్రం పబ్బు అన్నాడు. వైకింగులు 866లో ఈ ఊరు పట్టుకున్నప్పుడు వాళ్ల భాషలో వీధిని 'గాత' అనేవారు, అది అలాగే ఉండిపోయింది. అసలు కోట ద్వారాలేమో బూతమ్ బార్, మంక్ బార్, వామ్‌గేట్ బార్.

లెండల్ వంతెన దాటి మిన్‌స్టర్ అనే పెద్ద చర్చి ముందు దింపాడు. కిలోమీటరు కూడా లేదు, ఆరు పౌండ్లు. అంతకు మించి లోపలికి కారు పోదు. పగటిపూట నడిమి వీధులన్నీ నడిచేవాళ్లవే.

మిన్‌స్టర్ గురించి ఎంత రాసినా తక్కువే. ఇప్పుడున్న గుడి కట్టడం 1220 ప్రాంతంలో మొదలైంది, అంటే ఓరుగల్లులో గణపతిదేవుడు ఏలుతున్న రోజులు. పూర్తయింది 1472లో. ఆ లోపు కాకతీయులు పోయి దాదాపు నూట యాభై ఏళ్లయింది. అయితే అమ్మకు నచ్చింది ఆ లెక్క కాదు, తూర్పు కిటికీ కథ. టెన్నిస్ కోర్టంత ఉన్న ఆ రంగు అద్దాల కిటికీని జాన్ థార్న్‌టన్ అనే పనివాడు 1405 నుంచి 1408 లోపు చేశాడు. మూడేళ్లలో ముగిస్తే పది పౌండ్లు అదనంగా ఇస్తామని ఒప్పందంలో రాసుకున్నారు. చెప్పిన గడువుకు ముగించాడు, పది పౌండ్లూ తీసుకున్నాడు. అమ్మ చాలాసేపు ఆ కిటికీ కింద కూర్చుని, "మన ఇల్లు కట్టిన మేస్త్రికి గిట్ల రాసిస్తే అయిపోతుండె" అంది. మా ఇంటి పైఅంతస్తు నాలుగేళ్లు నడిచింది మరి.

షాంబుల్స్ వరకు మెల్లగా నడిపించాను. ఒకప్పుడు కసాయి దుకాణాల వీధి, మాంసం వేలాడదీసిన కొక్కేలు ఇంకా ఉన్నాయి. పై అంతస్తులు ముందుకు వంగి ఎదురెదురుగా గుసగుసలాడుతున్నట్టుంటాయి. కింద గుండ్రాళ్లు. వీధి చివరకొచ్చేసరికి అమ్మ ఇక నా వల్ల కాదంది.

పక్కనే టాక్సీ నంబరు ప్లేటున్న కారు ఆగి ఉంది. తలుపు తెరవబోతే డ్రైవర్ చెయ్యి అడ్డం పెట్టాడు. బుకింగ్ లేకుండా ఎక్కించుకోకూడదు, ఎక్కించుకుంటే ఇన్సూరెన్స్ చెల్లదు అన్నాడు. స్టాండులో నిలబడే టాక్సీలు వేరు, ఫోన్ చేస్తేనే వచ్చేవి వేరు. ఇన్నేళ్లుగా ఇక్కడుంటూ ఆ తేడా పట్టించుకోలేదు, తప్పు నాదే. ఫోన్ చేస్తే ఎక్కడున్నారన్నారు. ఎదురుగా బోర్డు చదివాను: విప్-మ-వాప్-మ-గేట్. నేను వేళాకోళం ఆడుతున్నాననుకుంటారేమో అని టెన్షన్. అవతలి అమ్మాయి మాత్రం మామూలుగా "పది నిమిషాలు" అని పెట్టేసింది. ఊళ్లో అన్నిటికంటే చిన్న వీధి పేరు అంత పొడుగు. ఆ పది నిమిషాల్లో అమ్మ డబ్బా తీసి రెండు సకినాలు తిన్నది.

చివరికి క్లిఫర్డ్స్ టవర్, దిబ్బ మీదున్న పాత కోట బురుజు. మెట్లు నిటారుగా ఉన్నాయి, కారులోంచే చూపించమన్నాను. 1190లో అల్లరి మూకకు భయపడి యూదులు ఆ దిబ్బ మీది కోటలో దాక్కున్నారు. బయటికి వస్తే చంపేస్తారని తెలిసి చాలామంది తమ ప్రాణాలు తామే తీసుకున్నారు. నూట యాభై మంది దాకా పోయారు. అప్పుడున్నది చెక్క బురుజు, అది కాలిపోయింది, ఇప్పటి రాతిది తర్వాత కట్టింది. "పిల్లలు కూడనా?" అని అడిగింది అమ్మ. కుటుంబాలతోనే ఉన్నారని చెప్పాను. స్టేషన్ వచ్చేదాకా ఇంకేం అడగలేదు.

ఇంటికొచ్చాక నాన్నకు వీడియో కాల్. అమ్మ గేట్ల సంగతి చెప్పింది, మేస్త్రి సంగతి చెప్పింది, టవర్ సంగతి చెప్పలేదు. కిలోమీటరుకు ఆరు పౌండ్లని వినగానే నాన్న రూపాయల్లోకి మార్చి, "ఆ పైసలతోని ఆటోల కోటంతా చూసి రావచ్చు గదనే" అన్నాడు.

"రావచ్చు. మరి నీ ఆటో ఆయన చెయ్యి వట్టుకొని దింపి, లవ్ అంటడా?"

నాన్న ఫోన్ నాకిమ్మన్నాడు.