కళ్లు బాగానే ఉన్నాయన్నాడు

"కళ్లు బాగానే ఉన్నాయండీ. ఈ వయసు ఆడవాళ్లకు ఇలాంటివి మామూలే, ఇంటికి తీసుకెళ్లండి." చూపు ఉన్నట్టుండి తేడా కొట్టిందని ఆసుపత్రికి వెళ్తే, టార్చి వేసి చూసి డ్యూటీ డాక్టరు మా ఆయనతో అన్న మాట ఇది. నేను అక్కడే కూర్చుని ఉన్నా నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఆ రాత్రి తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంట్లో ఎవరో నీళ్లు తెచ్చారు. మెరుస్తోంది, అడుగు గుండ్రం, మెడ సన్నం, పైన అంచు. అన్నీ కనిపిస్తున్నాయి, అదేంటో మాత్రం తెలీదు. చెయ్యి చాచితే తిన్నగా దాని మెడ మీదికే పోయింది. చల్లగా తగలగానే తెలిసింది, చెంబు! తలెత్తి చూస్తే మీసం, కళ్లద్దాలు, కుంకుమబొట్టు. దేనికది కనిపిస్తోంది గానీ మనిషెవరో తెలీలేదు. పరాయి మగాడు నా మంచం మీద కూర్చున్నాడని కేక పెట్టాను. "నేనే, ఏమైంది నీకు?" అని గొంతు వినిపించాకే మా ఆయనని తెలిసింది. తెల్లారేదాకా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు, ఆపితే నాకు భయం.

మరునాడు ఇంకో ఆసుపత్రిలో ఎంఆర్‌ఐ తీశారు. మెదడు వెనక భాగంలో స్ట్రోక్. అక్కడి న్యూరాలజిస్టు నా పక్కనే కూర్చుని చెప్పింది, ఆ తల్లి చల్లగా ఉండాలి. కన్ను పంపింది తల వెనక భాగానికి చేరి, అక్కణ్ణుంచి రెండు దారులు పడుతుందట. కింది దారి అదేంటో చెబుతుంది, పై దారి అదెక్కడుందో చెప్పి చేతిని నడిపిస్తుంది. 1982లో అంగర్‌లైడర్, మిష్కిన్ అనే శాస్త్రవేత్తలు ఈ రెండు దారుల సంగతి రాశారట. నాకు దెబ్బ తగిలింది కింది దారికి. కన్ను చూస్తున్నా అదేంటో మెదడు పోల్చుకోలేని ఈ జబ్బు పేరు విజువల్ అగ్నోసియా. లిస్సావర్ అనే జర్మన్ డాక్టరు 1890లోనే దీని గురించి రాశాడు. అంత పాత జబ్బును "ఈ వయసు ఆడవాళ్లకు మామూలే" అనేస్తారా? ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

కోడలు రోజూ వంటింటి సామాను ముందు పెట్టి, ముందు చూపించి, తర్వాత చేతికిచ్చేది. వస్తువులు చాలావరకు తిరిగొచ్చాయి. మొహాలు ఇంకా కష్టమే, నడకను బట్టి, గొంతును బట్టి పోల్చుకుంటాను. కొండకు పోయినప్పుడు మాత్రం, ఆ తోపులాటలో, నామం కనిపించిన క్షణంలోనే స్వామిని గుర్తుపట్టాను. ఏడుపు ఆగలేదు.

మూతి వంకర పోతేనే, చెయ్యి పడిపోతేనే స్ట్రోక్ అనుకోకండి. చూపు ఉన్నట్టుండి తేడా కొట్టినా పరుగెత్తండి, రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా తేడా మొదలైన 4.5 గంటల్లోపే వేస్తారు.

ఆ డ్యూటీ డాక్టరుకు నా రిపోర్టు నకలు పంపాను, జవాబు రాలేదు. ఇకమీదట నాలాంటి మనిషి వస్తే ఒక వస్తువు చూపించి ఏంటని అడగమని, చెప్పలేకపోతే అదే వస్తువు చేతికిచ్చి మళ్లీ అడగమని అందులో రాశాను.