రెండు వేళ్లు, ఒక అంకె

సంచికకి ఏదైనా రాసివ్వమని బ్యాచ్ గ్రూప్‌లో అడిగినప్పుడు అందరిలాగే నేనూ హాస్టల్ కబుర్లు మొదలుపెట్టాను. రెండు పేరాలు రాసి కొట్టేశాను. ఆ కబుర్లు ఎలాగూ ఎవరో ఒకరు రాస్తారు, నాకన్నా బాగా రాస్తారు. నేను మిడ్‌వైఫరీ ట్రైనింగ్ గురించి, అంటే కాన్పులు చేయించడం నేర్చుకున్న రోజుల గురించి రాస్తాను. అందులోనూ, ఇప్పటికీ తలుచుకుంటే కాస్త సిగ్గేసే ఒక అంకె గురించి.

ముందు ఒక సంగతి ఒప్పేసుకోవాలి. నాకు చూపించిన మొదటి కాన్పు నేను చూడలేదు. బిడ్డ పుట్టిన టైమ్ రాయడం ఆ రోజు నా పని. తల వచ్చినప్పుడు కాదు, బిడ్డ మొత్తం బయటికి వచ్చిన క్షణం రాయాలని పదిసార్లు చెప్పి పంపారు. ఆ టెన్షన్‌లో గోడ గడియారం మీద నుంచి కళ్లు తిప్పితే ఒట్టు. ఎవరో "ఆఁ, వచ్చేసింది" అన్నారు, ఏడుపు వినబడింది, నిమిషాలతో సహా రాసుకుని తల తిప్పేసరికి బిడ్డ అప్పటికే తల్లి పొట్ట మీద ఉంది, పొడి గుడ్డతో తుడుస్తున్నారు. రాత్రి హాస్టల్లో మీరంతా చుట్టూ చేరి "ఎలా ఉందే, ఎలా ఉందే" అంటే నేను కళ్లు పెద్దవి చేసి ఏదో వర్ణించేశాను. అదంతా పుస్తకంలో చదివిందే. ఇన్నేళ్లకి చెబుతున్నాను, తిట్టుకోకండి.

క్లాస్‌రూమ్ రోజులు మాత్రం హాయిగా గడిచాయి. ప్లాస్టిక్ కటి ఎముకల చట్రం, అందులోంచి దింపడానికి ఒక గుడ్డ బొమ్మ. పైన కటి ద్వారం అడ్డంగా వెడల్పు, కింద బయటపడే చోట ముందుకీ వెనక్కీ వెడల్పు. కాబట్టి బిడ్డ తల అడ్డంగా దిగి, గడ్డం ఛాతీకి ఆనించుకుని, లోపల తిరిగి, ఆ తర్వాతే తల పైకెత్తుతూ బయటికి రావాలి. ఇరుకు గుమ్మంలోంచి బీరువా బయటికి తెచ్చేటప్పుడు వంచి, తిప్పి, మళ్లీ నిలబెట్టినట్టు. బీరువాకి తనంతట తాను తిరగడం రాదు, బిడ్డకి వచ్చు, అంతే తేడా. రాత్రిపూట మన రూముల్లో ఆ బొమ్మని ఎన్నిసార్లు పుట్టించామో లెక్కలేదు. అది ప్రతిసారీ బుద్ధిగా సరైన దిక్కుకే తిరిగేది, ఎందుకంటే తిప్పేది మనమే కదా.

పొట్ట మీద చేతులు వేసి బిడ్డ ఎలా ఉందో చెప్పడం నేర్పినప్పుడు మాత్రం కష్టం మొదలైంది. ఎక్కడ పిరుదులు, ఎక్కడ వీపు, తల కిందికి దిగిందా లేదా అని నాలుగు పట్లు. మేడమ్ (పేరు రాస్తే ఊరుకోరు, అందుకే రాయట్లేదు) కళ్లు మూసుకుని చెప్పమనేవారు. చేతులు రుద్దుకుని వేడి చేసుకోకుండా పొట్ట మీద వేశామో, ఆ చూపు మీకు తెలిసిందే. ఆ తర్వాత బిడ్డ గుండె చప్పుడు వినే పినార్డ్ గొట్టం. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఒక ఫ్రెంచ్ డాక్టర్ చేసిన బాకా లాంటి వస్తువు, కరెంటు లేకపోయినా పనిచేస్తుంది. చెవితోనే ఆనించి పట్టుకోవాలి, చెయ్యి తగలకూడదు, తగిలితే ఆ రాపిడే వినిపిస్తుంది. దిండు కింద పెట్టిన గడియారంలా టిక్‌టిక్‌మంటుందన్నారు. నాకు రెండు వారాల పాటు నా చెవి హోరు తప్ప ఇంకేం వినబడలేదు. పక్కవాళ్లంతా 140, 144 అని టకటకా చెప్పేస్తుంటే నేనూ 140 అనేసేదాన్ని. నిమిషానికి 110 నుంచి 160 దాకా అంతా నార్మలే, మధ్యలో ఒకటి చెబితే ఎవరు కాదంటారు?

మేడమ్ అన్నారు. "సరే, ఇప్పుడు తల్లి మణికట్టు పట్టుకుని ఇంకోసారి విను." ఎందుకంటే కొన్నిసార్లు మనం వినేది తల్లి గుండె చప్పుడే అవుతుంది. రెండూ ఒకే లయలో కొట్టుకుంటుంటే మనం బిడ్డని వినట్లేదన్నమాట. చేయి పట్టుకున్నాను, విన్నాను, ఏం వినబడలేదు, "వినబడట్లేదు మేడమ్" అన్నాను. "ఇది మొదటి నిజం" అన్నారావిడ నవ్వకుండా. పక్కనున్న వాళ్లు మాత్రం బాగానే నవ్వారు.

ఇక అసలు పరీక్ష, లోపలి పరీక్ష. గర్భాశయ ముఖద్వారం ఎంత తెరుచుకుందో రెండు వేళ్లతో కొలిచి సెంటీమీటర్లలో చెప్పాలి. సున్నా నుంచి పది. ఇది నేర్పడం ఎంత కష్టమో నాకు ఆ రోజుల్లో అర్థం కాలేదు. కుట్టు వేయడం నేర్పేవాళ్లు మన చేయి చూసి తప్పు చెప్పగలరు. ఇక్కడ మన వేలి కొసకి ఏం తగులుతోందో మనకి తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. ఆ తల్లికి అది నొప్పి, ఇబ్బంది, కాబట్టి "ఇంకోసారి చూడు, మళ్లీ చూడు" అనడానికి లేదు. నాలుగు గంటలకి ఒకసారి, అంతే. చూసి, చేయి తీసి, అంకె చెప్పాలి. మనం అంకె చెప్పేటప్పుడు మేడమ్ ఎప్పుడూ ఇటు చూసేవారు కాదు, కిటికీ వైపో, ట్రాలీ వైపో చూస్తూ వినేవారు. మన మీద ఆసక్తి లేదేమో అనుకునేదాన్ని. మీలో కొందరు అదే అన్నారు కూడా.

ఆ రాత్రి ఒకావిడకి తొలి కాన్పు. పది గంటలకి సీనియర్ సిస్టర్ చూసి 5 సెంటీమీటర్లు రాశారు. అప్పటి నుంచి ఆవిడ పక్కన నేనే. అరగంటకోసారి బిడ్డ గుండె, పది నిమిషాలకి ఎన్ని నొప్పులు, ఒక్కోటి ఎన్ని సెకన్లు, అన్నీ రాసుకుంటూ, నడుం రాస్తూ కూర్చున్నాను. నొప్పి మొత్తం నడుంలోనే ఉందని, పొట్టలో కన్నా వెనకే ఎక్కువని ఆవిడ చెబుతూనే ఉంది. నేను రాస్తూనే ఉన్నాను, నడుముని, అంటే ఆ మాటని కాగితం మీద మాత్రం రాయలేదు. ప్రతి నొప్పికీ నా చేయి పట్టుకుని "ఇంకెంతసేపు సిస్టర్" అని ఒకటే అడగడం.

రెండింటికి చూశాను. వేళ్లకి తగిలింది ఆరు. మహా అయితే ఆరున్నర. కానీ నాలుగు గంటలు గడిచాయి, నొప్పులు బలంగా వస్తున్నాయి, ఆవిడ ఇక నా వల్ల కాదంటోంది, ఇదంతా చూస్తే ఆరు ఎలా అవుతుంది? నా వేళ్లదే తప్పు అనుకున్నాను. పార్టోగ్రాఫ్ మీద, అంటే కాన్పు ఎంతదాకా వచ్చిందో గుర్తులు పెట్టే చార్టు మీద, ఎనిమిది దగ్గర గుర్తు పెట్టాను. ఆవిడతో "ఎనిమిది అయ్యింది, దగ్గరికొచ్చేశాం" అన్నాను. ఆ మాటకి ఆవిడ మొహం ఎంత విప్పారిందో, అబద్ధం ఆడానని నాకు అనిపించనేలేదు.

పార్టోగ్రాఫ్ సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు, అయినా ఈ సంచిక చదివే పిల్లలు కొందరికి తెలియకపోవచ్చు. నొప్పులు పడుతున్న కొద్దీ ద్వారం ఎలా తెరుచుకుంటుందో గ్రాఫ్ గీయొచ్చని 1954లో ఫ్రీడ్‌మన్ అనే అమెరికన్ డాక్టర్ చూపించారు. 1972లో ఆఫ్రికాలో, అప్పటి రొడీషియాలో, ఫిల్‌పాట్, క్యాజిల్ అనే ఇద్దరు దాని మీద రెండు గీతలు గీశారు. మొదటిది అలర్ట్ గీత, గంటకి ఒక సెంటీమీటరు లెక్కన పైకి వెళ్తుంది. దానికి నాలుగు గంటల కుడిగా యాక్షన్ గీత. డాక్టర్లు లేని దూరపు కేంద్రాల్లో ఒంటరిగా ఉండే మిడ్‌వైఫ్‌కి "ఈవిడని ఇక పెద్దాసుపత్రికి పంపించు" అని ఆ కాగితమే చెప్పాలని వాళ్ల ఉద్దేశం. మేం నేర్చుకున్నది ఆ గీతలతోనే. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన కొత్త చార్టులో ఆ వాలు గీతలు లేవు, అసలు లెక్కే 5 సెంటీమీటర్ల నుంచి మొదలవుతుంది, 5 దగ్గర ఆరు గంటల దాకా, 9 దగ్గర రెండు గంటల దాకా ఆగొచ్చు. నాకు కొత్తదే నచ్చింది. ఏ ఇద్దరు ఆడవాళ్లకీ నొప్పులు ఒకే వేగంతో రావని కాగితం కూడా ఒప్పుకున్నట్టుంది. కానీ చార్టు పాతదైనా కొత్తదైనా, మన వేళ్లు చెప్పింది రాస్తేనే అది మనకి ఏదైనా తిరిగి చెప్పగలిగేది.

మేడమ్ రెండున్నరకి వచ్చారు. చార్టు చూశారు, ఆవిడ మొహం చూశారు, ఆవిడ మాట్లాడింది విన్నారు. అడిగిన మొదటి ప్రశ్న నా అంకె గురించి కాదు. "ఒంటేలుకి ఎప్పుడు వెళ్లింది?" నాకు తెలియదు. తర్వాత ఆవిడ అనుమతి అడిగి, తనే చూశారు. చేతి తొడుగులు తీస్తూ, ట్రాలీ వైపు చూస్తూ, "నువ్వెంత చూశావమ్మా?" అన్నారు. ఎనిమిది అనబోయి ఆగాను. "వేళ్లకి ఆరు తగిలింది మేడమ్. ఎనిమిది రాశాను."

మేడమ్ కేకలేస్తారనుకున్నాను. వేసుంటే బాగుండేది.

ఆరుతో మళ్లీ గుర్తు పెట్టమన్నారు. ఎనిమిది గుర్తు అలర్ట్ గీతకి గంట దూరంలో, భయపడేంత కాదన్నట్టు ఉంది. ఆరు పెట్టేసరికి అది అలర్ట్ గీతకి మూడు గంటల కుడిగా వెళ్లి యాక్షన్ గీతకి ఇంకో గంటలో తగిలేలా నిలబడింది. అదే స్త్రీ, అదే రాత్రి. నేను రబ్బరు కోసం వెతుకుతుంటే మేడమ్ చేయి ఆపారు. "చెరపకూడదు. అడ్డంగా ఒక్క గీత కొట్టు, పక్కన సరైనది రాయి, టైమ్ వేయి, సంతకం పెట్టు." కొట్టేసిన ఎనిమిది కింద నా సంతకం ఇప్పటికీ ఎక్కడో ఒక రికార్డు గదిలో ఉండే ఉంటుంది.

బిడ్డ వీపు తల్లి వీపు వైపు ఉంది. అందుకే నొప్పంతా నడుంలో. ముందు మాడు, నాలుగు సందులు కలిసే ఆ మెత్తటి చోటు, నా వేళ్లకి తగిలింది కూడా, కానీ నేను సెంటీమీటర్ల గొడవలో పడి అదేంటో ఆలోచించలేదు. ఆవిడని బాత్రూమ్‌కి తీసుకెళ్లాం, తర్వాత మోకాళ్లూ చేతుల మీద వంగి ఉండమన్నాం, పక్కకి తిరిగి పడుకోబెట్టాం, డాక్టర్‌కి కబురు పెట్టాం, డ్రిప్ పెట్టారు. వీటన్నిటికన్నా కష్టం, ఆవిడకి అసలు అంకె చెప్పడం. అది నన్నే చెప్పమన్నారు. చెప్పాను. ఆవిడ అటు తిరిగిపోయి "ముందే చెప్పి ఉండొచ్చుగా సిస్టర్" అంది, అంతే. చాలాసేపు నా చేయి పట్టుకోలేదు.

తెల్లారాక ఆరు దాటి బిడ్డ పుట్టింది. చివరి గంటలో ఎప్పుడో తల ముందుకు తిరిగింది. ఈసారి గడియారం వైపు చూడలేదు, టైమ్ ఇంకెవరో రాశారు. ఏడ్చింది, కదిలింది, ఒళ్లు గులాబీ రంగులో ఉంది, చేతులూ కాళ్లూ మాత్రం నీలం. పుట్టిన నిమిషానికి చూసి వేసే అప్గార్ స్కోరు పదికి తొమ్మిది. ఎవరైనా నిమిషానికే పదికి పది వేస్తే మేడమ్ "కాళ్లు చూశావా?" అనేవారు, గుర్తుందా? దాదాపు ఏ బిడ్డకీ మొదటి నిమిషంలో పాదాలు రంగు తిరగవు. 1952లో ఆ లెక్క తయారుచేసిన వర్జీనియా అప్గార్ మత్తు ఇచ్చే డాక్టర్, పుట్టిన బిడ్డని ఎవరో ఒకరు సరిగ్గా చూడాలన్నదే ఆవిడ తాపత్రయం. మనం బిడ్డని చూడకుండా తల్లిదండ్రుల సంతోషాన్ని చూసి పది వేస్తుంటాం.

ఆ వారమే మాకు చెక్క పలక ఇచ్చారు, ఒకటి నుంచి పది సెంటీమీటర్ల దాకా గుండ్రటి రంధ్రాలున్నది. దాన్ని గుడ్డ సంచిలో పెట్టి, చూడకుండా వేళ్లు పెట్టి అంకె చెప్పాలి. అంతకన్నా ముందు మేడమ్ స్కేలు ఇచ్చి, చూపుడు వేలూ మధ్య వేలూ ఎంత వెడల్పు విప్పగలవో కొలుచుకోమన్నారు. నావి పూర్తిగా విప్పితే తొమ్మిదికి కాస్త తక్కువ. అంటే ఆ పైన నాకు కొలత ఉండదు, చుట్టూ అంచు ఎంత మిగిలిందో చూసి వెనక్కి లెక్కేసుకోవాలి. ఇలాంటి నమూనాల మీద చేసిన అధ్యయనాల్లో, అనుభవమున్న వాళ్లు కూడా కచ్చితమైన అంకె చెప్పింది దాదాపు సగం సార్లే. ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయితే చాలావరకు సరిపోయింది. అది తెలిశాక నాకు కొంచెం ఊపిరాడింది. ఆరుకి బదులు ఏడు అంటే పొరపాటు. నేను చేసింది అది కాదు.

రక్తం లెక్క కూడా ఇలాంటిదే. రంగు నీళ్లు కొలిచి గుడ్డల మీద, కిడ్నీ ట్రేలో, నేల మీద పోసి ఎంతో చెప్పమన్న ఆ క్లాసు గుర్తుందా? అందరం తక్కువే చెప్పాం. కాన్పు తర్వాత 500 మిల్లీలీటర్లు దాటితే ప్రమాదమని బట్టీ పట్టి, ఎదురుగా 800 పోసి ఉంటే 400 అన్నాం. కళ్లకి అంత రక్తం పోయిందని ఒప్పుకోవడం ఇష్టం ఉండదు, తక్కువ చేసి చూపిస్తాయి. అప్పటి నుంచి గుడ్డలు తూకం వేయకుండా అంకె రాయను. మాయ పడ్డాక దాన్ని ట్రేలో పరిచి, ప్రతి తమ్మె పక్కపక్కన అమర్చి, ముక్క ఏదైనా లోపల ఉండిపోయిందా అని చూస్తాం కదా, అక్కడ కూడా తొందరలో "కంప్లీట్" అని రాసేయాలనిపిస్తుంది. రాయకుండా రెండోసారి చూస్తాను.

వైవా సంగతి ఒక్క ముక్కలో. ఎగ్జామినర్ మేడమ్ నా కేస్ బుక్ తిరగేస్తూ సరిగ్గా ఆ పేజీ దగ్గరే ఆగారు. చార్టు నకలులో కూడా కొట్టివేత అలాగే దించాను మరి. "ఇదేంటి?" అన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ ఏం అనకుండా పేజీ తిప్పి, ఫిట్స్‌కి వాడే మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చేముందు ఏమేం చూడాలో అడిగారు. మోకాలి రిఫ్లెక్స్, శ్వాస, మూత్రం. వరసగా చెప్పి బయటపడ్డాను.

ఇప్పుడు నా దగ్గరికీ పిల్లలు వస్తున్నారు నేర్చుకోవడానికి. మొన్న ఒకమ్మాయి, మొదటిసారో రెండోసారో, పరీక్ష చేసి చేయి తీసి, అంకె చెప్పకుండా నా మొహంలోకి చూసింది. నా కనుబొమ కదిలితే ఒకటి పెంచుతుంది, పెదవి బిగిస్తే ఒకటి తగ్గిస్తుంది, నాకు తెలుసు. అటు తిరిగి ట్రాలీ మీద గ్లవ్స్ డబ్బాలు సర్దడం మొదలుపెట్టాను, సర్దే ఉన్నాయవి.

"ఊఁ, చెప్పమ్మా."

"నాకు... సరిగ్గా తెలియట్లేదు మేడమ్."

"ఫర్వాలేదు," అన్నాను, "ఏం తగిలిందో చెప్పు."