మాట పోయినప్పుడు ఎవరి మాట చెల్లాలి

విరేచనాలు తగ్గిన కొన్నాళ్లకు పాదాల్లో మొదలైన తిమ్మిర్లు మోకాళ్లకు, నడుముకు, చేతులకు పాకి, చివరికి ఊపిరి పీల్చే కండరాలను కూడా పడగొట్టడంతో, గుంటూరులోని ఒక ఆసుపత్రిలో నన్ను వెంటిలేటర్ మీద ఉంచారు. ఈ జబ్బు పేరు గులియన్ బారే సిండ్రోమ్. రోగక్రిములతో పోరాడవలసిన శరీర రక్షణ వ్యవస్థ దారి తప్పి సొంత నరాల మీదికే తిరగడం వల్ల ఇది వస్తుంది. కాళ్లూ చేతులూ కదలవు, మాట రాదు, గుటక పడదు. తెలివి మాత్రం పోదు, చెవులు వినిపిస్తూనే ఉంటాయి.

నరాల మీది ఆ దాడిని తగ్గించే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజక్షన్లు ఐదు రోజులూ పూర్తయినా వేలైనా కదలకపోవడంతో మా వాళ్లలో ధైర్యం సడలింది. ఒక సాయంత్రం మా పెద్దబావగారు నా మంచం పక్కనే నిలబడి, "ఎన్నాళ్లమ్మా ఇలా? ఆ ఊపిరి మిషనుది. తీసేయమని చెప్తే ఆయనకూ సుఖం, పిల్లలకూ అప్పు మిగలదు" అని నా భార్యతో అన్నారు. నేను విన్నాను. ఆయన నన్ను ప్రేమించే మనిషే; అప్పటికే ఆసుపత్రి బిల్లుల కోసం తన పొలం కాగితాలు తాకట్టు పెట్టినవారు. ఇది నెమ్మదిగానైనా కోలుకునే అవకాశమున్న జబ్బని డాక్టరుగారు మరుసటి రోజు కూర్చోబెట్టి వివరించిన తరువాత గాని ఆ చర్చ ఆగలేదు. అయితే ఒక సంగతి దాచకుండా చెప్పాలి: నరాలను లోపలినుంచి మెలిపెడుతున్నట్టుండే ఆ నొప్పిలో, ఆ రోజుల్లో నన్నెవరైనా అడిగి ఉంటే, తీసేయమనే చెప్పి ఉండేవాణ్ణి.

అడిగే ఉపాయాన్ని నా భార్యే కనిపెట్టింది. పాత క్యాలెండర్ అట్ట వెనుక అచ్చులు ఒక వరుసలో, క వర్గం, చ వర్గం అంటూ హల్లులు వరుసలుగా రాసి, వరుస మీద వేలు పెట్టి నా రెప్ప పడేదాకా ఆగేది. వరుస దొరికాక అక్షరం, ఆ తరువాత గుణింతం. అలా నేను చెప్పిన మొదటి మాట "కాలు". మడమ కింద దుప్పటి మడత ఒత్తుకుంటోంది. ఆమె దాన్ని సరిచేసింది. నాకు బతకాలన్న కోరిక ఆ రోజు నుంచే తిరిగి మొదలైందని గట్టిగా నమ్ముతాను. తరువాత గొంతులో గొట్టం తీయడం, ఫిజియోథెరపీ, వాకర్ పట్టుకుని బ్రాడీపేటలో మా వీధి చివరిదాకా నడవడం, ఇవన్నీ నెలల తరబడి సాగాయి.

ఈ మధ్య మా విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో కారుణ్య మరణం చర్చకు వచ్చింది. ఊపిరి ఉన్నంతవరకు చూడవలసిందేనని కొందరు, క్యాన్సర్ ముదిరిన తల్లిని చివరి వారమంతా ఐసీయూ అద్దం బయటినుంచే చూడవలసి వచ్చిన ఒక సోదరి ఆ బాధ ఎవరికీ వద్దని, గట్టిగా వాదించారు. ఇంజక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం మన దేశంలో ఇప్పటికీ నేరమేనని, ఫలితం లేని చికిత్సను ఆపడం వేరని చాలామందికి అక్కడే తెలిసింది. దాడికి గురై దశాబ్దాలపాటు అచేతనంగా మంచంలోనే ఉన్న ముంబై నర్సు అరుణా శాన్‌బాగ్ కేసులో 2011లో సుప్రీంకోర్టు ఈ తేడాను గుర్తించింది. 2018 మార్చి 9న గౌరవంగా మరణించే హక్కు, జీవించే హక్కునిచ్చే రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమేనని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పునిచ్చి, చెప్పుకోలేని స్థితి వస్తే ఏ చికిత్స కావాలో ఏది వద్దో ముందుగానే వైద్య వీలునామా (లివింగ్ విల్) రాసుకోవడానికి వీలు కల్పించింది. మేజిస్ట్రేటు సంతకం ఉండాలన్న అప్పటి నిబంధన వల్ల అది కాగితం మీదే ఉండిపోతే, 2023లో దాన్ని సడలించి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధృవీకరిస్తే చాలన్నారు. ఆ వీలునామాను అమలు చేసే ముందు రెండు వైద్య బృందాలు విడివిడిగా పరిశీలించాలి. నా వంటి రోగికి రక్ష ఆ పరిశీలనలోనే ఉంది. కోలుకోగల జబ్బునూ కోలుకోలేని జబ్బునూ విడదీసి చెప్పవలసింది బంధువుల అలసట కాదు, రోగి అలసట కూడా కాదు. అదే సమయంలో, ఇక లాభం లేదని వైద్యులు తేల్చాక కూడా గొట్టాలతో మనిషిని పట్టి ఉంచడం ప్రేమ అని నేను ఒప్పుకోలేను.

అందుకే నేనూ వీలునామా రాశాను. కోలుకునే అవకాశం ఉన్నంతవరకు వెంటిలేటర్ తీయవద్దని, అది లేదని రెండు బృందాలూ తేల్చిన తరువాత నొప్పి తగ్గించే మందులు తప్ప మరేమీ వద్దని, నా ముందు నా గురించి మాట్లాడేవారు నాతోనే మాట్లాడాలని అందులో ఉంది. నా తరఫున నిర్ణయం చెప్పవలసిన వ్యక్తిగా నా భార్య పేరు, ఆమె తరువాత మా అబ్బాయి పేరు రాశాను. ముక్కు గొట్టం ద్వారా ఆహారం కూడా ఆపాలన్న వాక్యం దగ్గర మాత్రం వాడు, "అన్నం ఆపమని నా నోటితో ఎలా చెప్పమంటారు నాన్నగారూ?" అని కాగితం పక్కన పెట్టాడు. ఆ వాక్యం ఉంచాలా తీసేయాలా అన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు; తేలాకే నోటరీ దగ్గరికి వెళ్తాం.