డెంగీ వచ్చినవాళ్ల పక్కన కూర్చోవచ్చు

ఇన్ఫెక్షియస్, కంటేజియస్ అనే రెండు మాటల్నీ చాలామంది ఒకటే అనుకుంటారు. జ్వరాల వార్డులో నర్సుగా పనిచేసే నాకు ఆ తేడా రోజూ కనిపిస్తుంది. సూక్ష్మజీవి ఒంట్లో చేరి తెచ్చే జబ్బు ఏదైనా ఇన్ఫెక్షియసే. అందులో మనిషి నుంచి మనిషికి అంటుకునేదే కంటేజియస్. తట్టు రెండూ. ధనుర్వాతం మొదటిది మాత్రమే. మట్టిలో ఉండే క్రిమి గాయంలోంచి లోపలికి పోతుంది, పక్కవాళ్లకు రాదు.

డెంగీ, మలేరియాలకు మధ్యలో దోమ ఉండాలి. 1897లో రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని దోమ పొట్టలో కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. అయినా మొన్న ఓ ఇంటివాళ్లు డెంగీ వచ్చిన కోడలికి కంచం, గ్లాసు వేరు చేసి, చంటిపిల్లను దగ్గరికి రానివ్వలేదు.

"అమ్మా, తాకితే రాదు, పిల్లను ఇవ్వండి. దోమతెర మాత్రం పగలు కూడా కట్టండి" అన్నాను. అత్తగారు ఒక పట్టాన నమ్మలేదు. పేపర్లో అన్నిటికీ "అంటువ్యాధులు" అనే రాస్తుంటే ఆవిడ మాత్రం ఏం చేస్తారు? ఆ హెడ్డింగ్ చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. "దోమకాటు జ్వరాలు" అని రాయడానికి ఏం అడ్డం?