పదకొండుసార్లు

పొద్దున్నుంచి ఒకే వాక్యాన్ని పదకొండుసార్లు రాసి కొట్టేశాను. పన్నెండోసారి పెన్ను పట్టుకోగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

అమ్మ టీ గ్లాసు పెడుతూ, "ఏటమ్మా, అలాగైపోయావు? లెగు, ఏటి గట్టుకెళ్లి రా" అంది.

మహేంద్రతనయ ఒడ్డున చాలాసేపు కూర్చున్నాను. బద్ధకం అనుకుని మూడు నెలలుగా నన్ను నేనే తిట్టుకుంటున్నాను. ఎంత పడుకున్నా తీరని అలసట, ఇష్టమైన పని మీదే విసుగు, ఏం రాసినా బాగోలేదనే బెంగ. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఎడతెగని పని ఒత్తిడి వల్ల వచ్చే బర్నవుట్‌కి చెప్పిన గుర్తులు ఇవే.

పర్లాకిమిడిలో బడి ఒడియాలో, ఇల్లు తెలుగులో. ఈ రాతే నా ప్రాణం. అందుకే అంత భయమేసింది.

ఎడిటర్‌కి ఫోన్ చేసి రెండు వారాలు గడువు అడిగాను. "సరేనమ్మా" అన్నారు, అంతే.

నోట్‌బుక్ అమ్మ బీరువాలో పెట్టేసింది. రేపు ఇద్దరం సంతకెళ్తున్నాం.